చర్మం కింద తాళంచెవి: మీకు తెలుసా?

ఒకే పేరు, రెండు గడుల్లోనూ

1997 నవంబరు 11. బ్రెజిల్‌లోని సావో పాలో నగరం. కాసా దాస్ రోజాస్ అనే సాంస్కృతిక కేంద్రంలో ఎదువార్దో కాట్స్ అనే కళాకారుడు టీవీ కెమెరాల ఎదుట కూర్చుని, లావుపాటి సూదితో తన చీలమండలోకి తానే ఒక మైక్రోచిప్ ఎక్కించుకున్నాడు. అది మనుషుల కోసం తయారైన చిప్ కాదు. తప్పిపోయిన కుక్కో పిల్లో దొరికినప్పుడు ఎవరిదో కనుక్కోవడానికి పశువైద్యులు వాడేది. ఆ తర్వాత ఆయన అమెరికాలోని పెంపుడు జంతువుల రిజిస్టరులో తన వివరాలు నమోదు చేశాడు. ‘జంతువు’ అన్న గడిలో తన పేరే రాశాడు. ‘యజమాని’ అన్న గడిలోనూ తన పేరే రాశాడు.

ఇవాళ చేతిలో చిప్ పెట్టించుకుని ఇంటి తలుపూ ఆఫీసు గేటూ తీస్తున్నవాళ్లు ప్రపంచంలో వేలమంది ఉన్నారు. వాళ్ల గురించి ఎప్పుడు చదివినా నాకు ఆ రెండు గడులే గుర్తొస్తాయి. చిప్ ఉన్న చెయ్యి ఒకరిది. ఆ చెయ్యి చూసి తెరుచుకునే తలుపు ఎవరిది? ఈ విషయంలో నన్ను పట్టి కుదిపే ప్రశ్న ఇదే. కింద చెప్పబోయే సంగతులన్నీ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

తొమ్మిది రోజులు తలుపులు తెరిపించిన ప్రొఫెసరు

తలుపులు తీయడానికే చిప్ పెట్టించుకున్న మొదటి మనిషిగా ఎక్కువమంది చెప్పేది కెవిన్ వార్విక్ పేరు. అప్పట్లో ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో సైబర్నెటిక్స్ ప్రొఫెసరు. 1998 ఆగస్టు 24న ఒక డాక్టరు మత్తిచ్చి ఆయన ఎడమ చేతిలో గాజు గొట్టం పెట్టాడు. దాని పొడవు సుమారు 23 మిల్లీమీటర్లు, మందం 3. ఆ తర్వాత తొమ్మిది రోజులూ ఆయన తన విభాగంలో అడుగుపెడితే తలుపులు తెరుచుకున్నాయి, దీపాలు వెలిగాయి, కంప్యూటరు పలకరించింది. లోపల గాజు పగిలితే ఏమవుతుందోనన్న భయం ఆ రోజుల్లో నిజమైనదే. అందుకే తొమ్మిది రోజులకే తీయించేశాడు.

అక్కడితో ఆగలేదు. 2002 మార్చిలో ఈసారి మణికట్టు దగ్గర నరానికే వంద సన్నటి ఎలక్ట్రోడ్లు తగిలించుకున్నాడు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కూర్చుని తన చెయ్యి ముడిచి తెరుస్తుంటే, అట్లాంటిక్‌కు ఇవతల రీడింగ్‌లో ఉన్న యంత్రపు చెయ్యి అలాగే ముడుచుకుని తెరుచుకుంది. అది వేరే కథ. చర్మం కింద తాళంచెవి అనే చిన్న ఆలోచన ఎంత దూరం పోగలదో చెప్పడానికే ఇక్కడ ప్రస్తావించాను.

తాళంచెవిని ఒంటినుంచి విడదీయకుండా ఉంచుకోవడం మనకేమీ కొత్త కాదు. ఇనప్పెట్టె తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్న తాతలు, తాళాలగుత్తిని బొడ్లో దోపుకుని ఇల్లంతా తిరిగిన అమ్మమ్మలు మన ఇళ్లలో ఉండేవాళ్లు. ఆ గుత్తి చప్పుడును బట్టి ఆవిడ ఏ గదిలో ఉందో పిల్లలు చెప్పేసేవాళ్లు. ఆ గుత్తి కోడలి చేతికి ఇవ్వడం అంటే ఇల్లు అప్పగించడమే. తాళంచెవి ఎవరి ఒంటిమీద ఉంటే అధికారం వాళ్లది. చిప్ విషయంలో ఈ లెక్క తలకిందులవుతుంది. ఎలాగో ముందు ముందు తెలుస్తుంది.

బ్యాటరీ లేకుండా ఎలా పనిచేస్తుంది?

చేతిలో పెట్టే చిప్‌లో బ్యాటరీ ఉండదు. మామూలుగా అది రాయిలాగా పడి ఉంటుంది. తలుపు దగ్గరి రీడరు ఎడతెగకుండా ఒక అయస్కాంత క్షేత్రాన్ని వదులుతుంటుంది. చెయ్యి దగ్గరికి తెచ్చినప్పుడు ఆ క్షేత్రంలో చిప్ చుట్టూ ఉన్న సన్నటి రాగి తీగ చుట్టలో కరెంటు పుడుతుంది. మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రం ఇదే. ఊరి ట్రాన్స్‌ఫార్మరు పనిచేసేదీ దీనిమీదే. ఆ కొద్దిపాటి కరెంటుతో చిప్ క్షణకాలం మేలుకుని, తన నంబరు చెప్పి, చెయ్యి వెనక్కి తీయగానే మళ్లీ నిద్రపోతుంది.

బయటినుంచి వచ్చిన తరంగంతోనే పనిచేసే పరికరానికి మొదటి గొప్ప ఉదాహరణ ఒక గూఢచారి యంత్రం. 1945లో మాస్కోలో సోవియట్ బడిపిల్లలు అమెరికా రాయబారికి చెక్కతో చెక్కిన అమెరికా రాజముద్రను కానుకగా ఇచ్చారు. అది ఏళ్ల తరబడి రాయబారి నివాసంలో గోడకు వేలాడింది. దాని లోపల లియోన్ థెరెమిన్ రూపొందించిన చిన్న మైకు ఉంది. బ్యాటరీ లేదు, తీగలు లేవు. బయటినుంచి రేడియో తరంగాలు వదిలినప్పుడు మాత్రమే అది బతికి, గదిలో మాటలు బయటికి చేరవేసేది. 1952లో గానీ అది బయటపడలేదు. చేతిలోని చిప్‌కు దూరపు చుట్టమే అది.

1973లో అమెరికాలో చార్లెస్ వాల్టన్ అనే ఆయన, జేబులోని కార్డును చూసి తాళం తీసే రేడియో పరికరానికి పేటెంటు పొందాడు. ష్లేగ్ అనే తాళాల కంపెనీ దాన్ని వాడుకుంది. హైటెక్ సిటీలో మెడలో పట్టీ వేసుకుని రోజూ గేటు దగ్గర కార్డు చూపించే మన పిల్లలు, హైదరాబాద్ మెట్రోలో కార్డు తాకించి లోపలికి వెళ్లే ప్రయాణికులు, టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ చూపించి పోయే కార్లు, అందరూ ఈ కుటుంబంవాళ్లే. ఫాస్టాగ్ వేరే తరంగదైర్ఘ్యం వాడుతుంది కాబట్టి కొన్ని మీటర్ల దూరం నుంచి పలుకుతుంది. చేతి చిప్‌కు అంత గొంతు లేదు. రెండు, మూడు సెంటీమీటర్ల దూరంలోకి తెస్తే గానీ వినపడదు. యాంటెన్నా మరీ చిన్నది కావడంతో రీడరుమీద సరైన చోట, సరైన కోణంలో చెయ్యి పెట్టడం కొత్తవాళ్లకు కొన్నాళ్లు సాధన అవసరమైన పనే.

ఎక్కడున్నామో అది చెప్పగలదా?

చెప్పలేదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా చాలని సంగతి. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయి కొత్త 2000 రూపాయల నోటు వచ్చినప్పుడు, అందులో చిప్ ఉందనీ, భూమిలో పాతిపెట్టినా ఉపగ్రహానికి దొరికిపోతుందనీ ఊరూవాడా చెప్పుకున్నారు. రిజర్వు బ్యాంకు కాదని చెప్పాల్సి వచ్చింది. కరోనా టీకాలో చిప్ ఉందన్న పుకారు అంతకంటే పెద్దది, అంతకంటే హాని చేసింది.

జీపీఎస్ అంటే ఆకాశంలోని ఉపగ్రహాలు వదిలే సంకేతాలను పరికరం వినాలి, దూరాలు లెక్కగట్టాలి, ఆ లెక్కను ఇంకెవరికో పంపాలి. వినడానికీ పంపడానికీ విద్యుత్తు కావాలి. ఫోను రోజూ చార్జింగు అడిగేది అందుకే. బ్యాటరీ లేని చిప్‌కు ఇది అసాధ్యం.

అయితే భయపడేవాళ్లను చూసి నవ్వేయడం కూడా తప్పే. చిప్ తనంతట తాను ఎక్కడుందో చెప్పదు గానీ, అది ఏ తలుపు దగ్గర ఎన్నిగంటలకు పలికిందో ఆ తలుపు రాసిపెట్టుకుంటుంది. ఆఫీసులో ప్రతి గుమ్మానికీ, క్యాంటీన్‌కూ, ప్రింటరుకూ రీడర్లు ఉంటే మనిషి రోజంతా ఎలా గడిచిందో ఆ చిట్టాలో దొరుకుతుంది. జాడ చిప్‌లో ఉండదు. తలుపు యజమాని పుస్తకంలో ఉంటుంది.

బియ్యపు గింజంత అంటారు, నిజమేనా?

ఏ పత్రిక చూసినా ఇదే పోలిక. ఎక్కువగా వాడే గొట్టం పొడవు 12 మిల్లీమీటర్లు, మందం 2. అంటే సోనామసూరి గింజలు రెండు కొసకు కొస ఆనించినా ఇంకా కాస్త మిగులుతుంది. అది తయారయ్యేది ఒంటికి పడే ప్రత్యేకమైన గాజుతో. రెండు మిల్లీమీటర్ల గొట్టం పట్టాలంటే సూది ఎంత లావుండాలో ఊహించుకోండి. టీకా సూది దాని ముందు దారప్పోగు.

పెట్టే చోటు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చెయ్యి వెనకవైపు, మెత్తగా ఉండే చర్మం కింద. అక్కడ ఎముక అడ్డురాదు, పెద్ద రక్తనాళాలు తక్కువ, రీడరుకు చూపించడం తేలిక. పిడికిలి బిగించి ఏదైనా పట్టుకున్నా గొట్టం నలగదు.

ఇందులో ఒక చిన్న తేడా నాకు చాలా నచ్చింది. జంతువులకు పెట్టే చిప్‌ల మీద చాలావాటికి ఒక పూత ఉంటుంది. కండ దానికి అతుక్కుని పెరిగి, గొట్టం కదలకుండా పట్టేసుకుంటుంది. మనుషుల చేతికి తయారుచేసేవాళ్లు కావాలనే ఆ పూత వదిలేస్తారు. ఎప్పుడైనా వద్దనుకుంటే చిన్న గాటు పెట్టి బయటికి తీసేయడానికి. కుక్కకు ‘వద్దు’ అనే అవకాశం ఎవరూ ఇవ్వలేదు. మనిషికి ఇచ్చారు. ఆ అవకాశం గాజుమీద పూత లేకపోవడంలో ఉంది.

చాలాచోట్ల ఈ పని చేసేది డాక్టర్లు కాదు, ముక్కులూ చెవులూ బొడ్డూ కుట్టే స్టూడియోవాళ్లు. స్వీడన్‌లో బయోహ్యాక్స్ అనే కంపెనీ పెట్టి వేలమందికి చిప్‌లు అందించిన యోవాన్ ఓస్టర్‌లుండ్ స్వయంగా ఆ వృత్తివాడే.

ఆరోగ్యం సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2004లో వెరిచిప్ అనే మనిషి చిప్‌కు అనుమతి ఇస్తూనే దాని ప్రమాదాల జాబితా కూడా ఇచ్చింది: చుట్టూ కండ వాయడం, చిప్ చోటు మారడం, ఎమ్మారై యంత్రంతో ఇబ్బంది, సమాచారం పరుల చేతిలో పడడం. కొన్ని ప్రయోగాల్లో ఎలుకలకు చిప్ చుట్టూ కణితులు వచ్చాయని 2007లో వార్తలొచ్చి పెద్ద చర్చే జరిగింది. లక్షల కుక్కలకూ పిల్లులకూ పెట్టినా వాటిలో అలాంటివి చాలా అరుదు. పెట్టించుకోవాలనుకునేవాళ్లు రెండు సంగతులూ తెలుసుకునే పెట్టించుకోవాలి.

రెండు వేమన పద్యాలు పట్టేంత చోటు

చేతి చిప్‌లలో బాగా వాడుకలో ఉన్న ఒక రకంలో మనం రాసుకోవడానికి ఉన్న జాగా 888 బైట్లు. ఇంగ్లిషు అక్షరం ఒక బైటులో ఇమిడిపోతుంది. మన తెలుగుకు యూనికోడ్ పద్ధతిలో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు కావాలి. ‘శ్రీ’ అని రాస్తే శకారం, పొల్లు, రకారం, దీర్ఘం కలిపి నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. ఆ లెక్కన ఒక వేమన పద్యానికి సుమారు 300 బైట్లు పడుతుంది. రెండు పద్యాలు హాయిగా పడతాయి. మూడోది పూర్తిగా పట్టడం అనుమానమే.

కొందరు అందులో తమ ఫోన్ నంబరో, రక్తపు గ్రూపో, వెబ్ చిరునామానో దాచుకుంటారు. ఎదుటివాళ్ల ఫోను చేతికి ఆనించగానే అది తెరమీద కనిపిస్తుంది. విజిటింగు కార్డుకు బదులన్నమాట. 2021 డిసెంబరులో స్వీడన్‌లో ఒక కంపెనీ కోవిడ్ టీకా ధ్రువపత్రాన్ని చేతి చిప్‌లో పెట్టి చూపించింది. అదే టీకాలో చిప్ ఉందన్న పుకార్లు ఇంకా చల్లారని సమయం. ఆ వీడియో లోకమంతా తిరిగి ఆ పుకార్లకే ఊపిరి పోసింది.

మరి తలుపు తెరిచేది ఏది?

నిజానికి తలుపుకు ఈ 888 బైట్లతో పనిలేదు. చాలా తాళాలు చూసేది చిప్ తయారైనప్పుడే దానిలో ఇమిడ్చిన నంబరు ఒక్కటే. ఆ నంబరు తన జాబితాలో ఉంటే తలుపు తీస్తుంది, లేకపోతే తీయదు. చిప్‌లో మీ పేరు లేదు, హోదా లేదు, అనుమతి లేదు. అనుమతి అంతా జాబితాలో ఉంది. ఆ జాబితా కంప్యూటరులో ఉంది. దానిలో ఒక వరుస కొట్టేసే అధికారం ఎవరికుందో, తలుపు నిజంగా వాళ్లది. అమ్మమ్మ బొడ్లోని గుత్తికీ దీనికీ ఉన్న తేడా ఇదే. ఆ గుత్తి ఎవరి దగ్గరుంటే వాళ్లే తలుపు తీస్తారు. ఈ తాళంచెవి మన ఒంట్లోనే ఉన్నా, అది పనిచేయాలా వద్దా అని నిర్ణయించేది వేరేచోట.

నంబరు ఒక్కటే చాలు కాబట్టి, ఆ నంబరు ఎవరైనా దొంగిలిస్తే? అదీ జరిగింది. 2006లో అమెరికాలో అన్నలీ న్యూయిట్జ్ అనే పత్రికా రచయిత తన చేతిలో వెరిచిప్ పెట్టించుకున్నారు. జొనాథన్ వెస్ట్‌హ్యూస్ అనే ఇంజినీరు తాను తయారుచేసిన చిన్న పరికరాన్ని ఆ చేతి దగ్గరికి తెచ్చి నంబరు చదివేసి, అచ్చం అలాగే పలికే నకలు తయారుచేశాడు.

ఇక్కడ ఒక లోతైన ఆలోచన ఉంది, ఆగి చూడాల్సినది. అప్పట్లో హార్వర్డ్ వైద్య కళాశాల సమాచార విభాగానికి అధిపతి, డాక్టర్ జాన్ హలామ్కా. 2004 చివర్లో తన చేతిలో వెరిచిప్ పెట్టించుకున్న మనిషి. ఆయనా, వెస్ట్‌హ్యూస్‌తో పాటు మరి ఇద్దరు పరిశోధకులూ కలిసి 2006లో ఒక వ్యాసం రాశారు. అందులో వాళ్లు చెప్పినది వినగానే వింతగా ఉంటుంది: ఒంట్లో పెట్టే చిప్‌కు నకలు తీయడం తేలిగ్గానే ఉండాలి, అదే క్షేమం. ఎందుకంటే నకలు తీయడం అసాధ్యమైతే, దాన్ని కోరుకునే దొంగకు మిగిలే దారి కత్తి ఒక్కటే. అందుకని ‘ఈయన ఎవరు’ అని గుర్తుపట్టడానికి చిప్ వాడండి గానీ, ‘ఈయనే’ అని నమ్మి ఖజానా తలుపు తీయడానికి వాడకండి అని వాళ్ల వాదన.

ఇది ఊహ అనుకోకండి. 2005లో మలేసియాలో వేలిముద్రతో స్టార్టయ్యే ఖరీదైన కారును ఎత్తుకుపోయిన దొంగలు, యజమాని వేలి కొసను నరికి పట్టుకుపోయారు. తాళంచెవి జేబులో ఉంటే ‘తీసుకుపోండిరా’ అని విసిరేయొచ్చు. ఒంట్లో ఉంటే విసిరేయలేం.

చిప్‌కూ వైరసు

కెవిన్ వార్విక్ పనిచేసిన రీడింగ్ విశ్వవిద్యాలయంలోనే మార్క్ గాసన్ అనే శాస్త్రవేత్త 2009లో ఎడమచేతిలో చిప్ పెట్టించుకుని తన భవనం తలుపు, తన ఫోను దానితోనే తెరిచేవాడు. 2010లో కావాలనే ఆ చిప్‌లోకి కంప్యూటరు వైరసు ఎక్కించాడు. చెయ్యి చూపించినప్పుడు అది అవతలి కంప్యూటరుకు పాకి, అక్కడినుంచి వేరే చిప్‌లకు పాకగలదని నిరూపించడానికి. కంప్యూటరు వైరసు సోకిన మొదటి మనిషి అని ఆయన్ను పిలిచారు. ఒంటికి ఏమీ కాలేదు. ఒంటిలోని వస్తువుకు జబ్బు చేసింది, అంతే.

డాన్సు క్లబ్బు నుంచి ప్రభుత్వ కార్యాలయం దాకా

2004లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో బాహా బీచ్ క్లబ్ తన ముఖ్య అతిథులకు భుజం కింద చిప్ పెట్టించింది. స్నానపు దుస్తుల్లో ఉన్నవాళ్లు పర్సు ఎక్కడ పెట్టుకుంటారు? చెయ్యి చూపిస్తే ప్రత్యేకమైన చోటికి ప్రవేశం, తాగినదానికి లెక్క. అదే ఏడాది మెక్సికో అటార్నీ జనరల్ తానూ, తన సిబ్బందిలో కొందరూ అవే చిప్‌లు పెట్టించుకున్నామని ప్రకటించాడు. నేరస్థుల దస్త్రాలు దాచిన కేంద్రంలోకి వెళ్లడానికి. ఒకే వస్తువు, ఒకే ఏడాది, ఒకచోట విందుకు, మరోచోట ప్రాణభయంతో.

2006లో అమెరికాలోని సిన్సినాటిలో నిఘా కెమెరాల వీడియోలు భద్రపరిచే సిటీవాచర్ అనే కంపెనీలో ఇద్దరు ఉద్యోగులు సర్వర్ల గదిలోకి వెళ్లడానికి చిప్‌లు పెట్టించుకున్నారు. అంతకుముందే, 2005లో, వాషింగ్టన్ రాష్ట్రంలో అమాల్ గ్రాఫ్‌స్ట్రా అనే యువకుడు ఏ కంపెనీ అడగకుండా తన సొంత అవసరానికి చేతిలో చిప్ పెట్టించుకున్నాడు. తన ఇంటి తలుపు, తన కారు, తన కంప్యూటరు. తాళాలను తనే తయారుచేసుకున్నాడు, జాబితా తనే రాసుకున్నాడు. తర్వాత 2013లో డేంజరస్ థింగ్స్ అనే దుకాణం పెట్టి, తనలాంటివాళ్లకు చిప్‌లు అమ్మడం మొదలుపెట్టాడు. కాట్స్ ఫారంలో రెండు గడుల్లోనూ ఒకే పేరు రాసినట్టే, గ్రాఫ్‌స్ట్రా విషయంలోనూ చెయ్యీ తలుపూ ఒకరివే. ఈ మొత్తం కథలో నాకు బెంగలేని భాగం ఇదొక్కటే.

స్వీడన్ ఎందుకు ముందుంది?

2015 ప్రారంభంలో స్టాక్‌హోం నడిబొడ్డున ఎపిసెంటర్ అనే ఆఫీసు భవనంలో, కోరుకున్నవాళ్లకు చేతి చిప్‌లు పెట్టడం మొదలైంది. తలుపులు తీయడానికీ ప్రింటరు వాడుకోవడానికీ. చిప్ పెట్టే రోజును పండగలా జరిపారు. స్వీడన్ రైల్వే 2017లో టికెట్టుకు బదులు చెయ్యి చూపించినా ఒప్పుకుంది. టీటీఈ ఫోను ఆనించి చిప్ నంబరు చదివితే టికెట్టు వివరాలు కనిపించాలి. మొదట్లో కొందరికి టికెట్టుకు బదులు ఆ ప్రయాణికుడి లింక్డ్‌ఇన్ పేజీ తెరుచుకుంది. నాలుగేళ్లలో కొన్ని వేలమంది స్వీడన్‌వాళ్ల చేతుల్లోకి చిప్‌లు చేరాయి.

కారణాలు వెతికితే వింతేమీ లేదు. అక్కడ నోట్లు వాడడం దాదాపు పోయింది. ప్రతి పౌరుడికీ ఎన్నో దశాబ్దాలుగా గుర్తింపు సంఖ్య ఉంది. పక్కింటివాళ్ల జీతం ఎంతో అడిగి తెలుసుకునేందుకు చట్టమే ఒప్పుకుంటుంది. ప్రభుత్వంమీద నమ్మకం ఎక్కువ. అయినా ఈ ఉద్యమానికి ముందు నిలిచిన హానెస్ ఖోబ్లాద్ చెప్పిన కారణం వేరు. పెద్ద కంపెనీలూ ప్రభుత్వాలూ వచ్చి అందరూ చిప్ పెట్టించుకోండి అనకముందే, మామూలు మనుషులు దాని మంచిచెడ్డలు తమ ఒంటిమీదే తెలుసుకుని ఉండాలన్నది ఆయన మాట. ఆ ముందుచూపును నేను గౌరవిస్తాను.

2017 ఆగస్టు 1న అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రం రివర్ ఫాల్స్‌లో, త్రీ స్క్వేర్ మార్కెట్ అనే కంపెనీ అలాంటి పండగే జరిపింది. ఎనభైమంది ఉద్యోగుల్లో యాభైమంది దాకా ముందుకొచ్చారు. ఒక్కో చిప్‌కు 300 డాలర్లు కంపెనీయే పెట్టుకుంది. ఆఫీసుల్లో తినుబండారాలు అమ్మే యంత్రాలు చేసే కంపెనీ కావడంతో, చెయ్యి చూపించి చిప్స్ పొట్లం కొనుక్కోవచ్చు. ఎవరినీ బలవంతం చేయలేదు. కానీ యజమాని నవ్వుతూ సూది పట్టించి, పక్క కుర్చీలోవాళ్లంతా చెయ్యి చాపుతుంటే, ‘నాకొద్దు’ అనే గొంతు ఎంత పెగులుతుంది? జీతం తీసుకునే ఎవరికైనా ఈ ప్రశ్నకు జవాబు తెలుసు.

కార్డు చిప్‌ను చేతిలో పెట్టుకున్న ప్రయాణికుడు

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఒకాయన తన పేరును చట్టప్రకారం మియావ్-లూడో డిస్కో గామా మియావ్-మియావ్ అని మార్చుకున్నాడు. జీవశాస్త్రంలో సొంత ప్రయోగాలు చేసే మనిషి. 2017లో సిడ్నీ బస్సులకూ రైళ్లకూ వాడే ఓపల్ కార్డులోంచి చిప్‌ను వేరుచేసి, 10 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల వెడల్పున ప్లాస్టిక్‌లో భద్రంచేసి, ఎడమచేతిలో పెట్టించుకున్నాడు. స్టేషను గేటు దగ్గర చెయ్యి ఆనించేవాడు, డబ్బు కట్ అయ్యేది, గేటు తెరుచుకునేది. ఒక్క పైసా ఎగ్గొట్టలేదు.

ఒకరోజు తనిఖీవాళ్లు కార్డు చూపించమన్నారు. చెయ్యి చూపించాడు. చెల్లే టికెట్టు లేదని కేసు పెట్టారు. 2018లో కోర్టు 220 డాలర్ల జరిమానా, వెయ్యి డాలర్ల ఖర్చులు కట్టమంది. అప్పీలుకు వెళ్లాక శిక్ష రద్దయింది, ఖర్చులు మాత్రం మీద పడ్డాయి. ఈలోగా రవాణా సంస్థ ఆ కార్డు నంబరును రద్దు చేసేసింది. చిప్ చెడిపోలేదు. చెయ్యి చెక్కుచెదరలేదు. జాబితాలో ఒక వరుస కొట్టేశారు, అంతే. దాంతో చేతిలో మిగిలింది ప్లాస్టిక్ ముక్క.

మీ దగ్గరున్న బ్యాంకు కార్డు ఒకసారి తిప్పి చూడండి. ఈ కార్డు బ్యాంకు సొత్తు, అడిగినప్పుడు తిరిగి ఇచ్చేయాలి అని చాలావాటి వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. పర్సులో ఉన్నంతకాలం ఆ మాట ఎవరూ పట్టించుకోరు. చర్మం కిందికి వెళ్లాక ఆ మాటకు అర్థం మారిపోతుంది. 2021లో యూరప్‌లో డబ్బు చెల్లించే చిప్‌లు కూడా అమ్మకానికి వచ్చాయి. బ్యాంకు కార్డుకు ఉన్నట్టే వాటికీ గడువు తేదీ ఉంటుంది. గడువు తీరితే చేతిలోంచి తీయించుకోవడమో, పనిచేయనిదాన్ని మోయడమో.

కంపెనీ మూతపడితే?

వెరిచిప్ అనుభవం ఇదే. ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్న రోగి చేతిని స్కాన్ చేస్తే 16 అంకెల సంఖ్య వస్తుంది, దాన్ని కంపెనీ కంప్యూటర్లలో వెతికితే ఆరోగ్య చరిత్ర వస్తుంది అన్నది వాళ్ల పథకం. 2007లో ఫ్లోరిడాలో మతిమరుపు వ్యాధిగ్రస్తులు రెండువందలమందికి పెట్టాలని చూసినప్పుడు నిరసన చెలరేగింది. నిన్నటి మాట ఇవాళ గుర్తులేని మనిషి దగ్గర ‘సరే’ అనిపించుకోవడం ఏపాటి అనుమతి? 2010లో కంపెనీ ఆ చిప్ అమ్మకాలు ఆపేసింది. అప్పటికే పెట్టించుకున్నవాళ్ల చేతుల్లో గాజు గొట్టాలు అలాగే ఉండిపోయాయి. గాజు చెడిపోదు.

వద్దనే హక్కును చట్టంలో రాసిన రాష్ట్రం

ఎవరి ఒంట్లోనూ బలవంతంగా చిప్ పెట్టకూడదని అమెరికాలో మొదట చట్టం చేసిన రాష్ట్రం విస్కాన్సిన్. 2006లో. ఉల్లంఘిస్తే రోజుకు పదివేల డాలర్ల దాకా జరిమానా. పదకొండేళ్ల తర్వాత చిప్ పండగ జరిగిన రివర్ ఫాల్స్ ఉన్నది కూడా ఆ రాష్ట్రంలోనే. తర్వాత నార్త్ డకోటా, కాలిఫోర్నియా అదే దారి పట్టాయి. మన దేశంలో చిప్‌ల పేరుతో ప్రత్యేక చట్టం లేకపోయినా, గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం పుట్టస్వామి కేసులో చెప్పిన తేదీ 2017 ఆగస్టు 24. వార్విక్ చేతిలోకి గాజు గొట్టం వెళ్లి అప్పటికి సరిగ్గా పందొమ్మిదేళ్లు. ఆ తీర్పులో ఒంటిమీద మనిషికున్న అధికారం గురించి ఎంతో రాశారు. రేపు మన ఆఫీసుల్లో ఎవరైనా సూది తీసుకొచ్చిననాడు అక్కరకొచ్చేది ఆ పేజీలే.

ఆ గదిలో ఇంకా ఏమున్నాయి?

మొదట చెప్పిన సావో పాలో గదిలో ఒక సంగతి వదిలేశాను. ఎదువార్దో కాట్స్ చిప్ గుచ్చుకున్న ఆ గది గోడకు ఏడు పాత ఫొటోలు తగిలించి ఉన్నాయి. 1930లలో తూర్పు యూరప్‌లో తీసినవి, గోధుమరంగుకు తిరిగిపోయినవి. అవి ఆయన అమ్మమ్మ కుటుంబానివి. పోలండ్‌లో ఉండిపోయిన ఆ కుటుంబమంతా రెండో ప్రపంచ యుద్ధంలో హతమైపోయింది. అదే యుద్ధంలో, అదే దేశంలోని ఆష్విట్జ్‌లో, పనికి ఉంచుకున్న ఖైదీల ఎడమ ముంజేతిమీద వాళ్ల నంబరును పచ్చబొట్టుగా పొడిచేవాళ్లు.